సర్పంచ్ అన్నలకు, అక్కలకు: బడి టైముకు బడికి నీళ్లు వదలండి

సర్పంచ్ అన్నలకు, అక్కలకు నమస్తే.

మా అమ్మాయి మా ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చదువుతుంది. పొద్దున నేనే నీళ్ల బాటిల్ నింపి సంచిలో పెడతాను. సంక్రాంతి సెలవులయ్యాక బడి తెరిచిన వారంలో ఒకరోజు సాయంత్రం సంచి తీసి పక్కన పెడుతుంటే బరువుగా తగిలింది. బాటిల్ మూత తీసి చూస్తే పొద్దున పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి. ఆటల్లో పడి మర్చిపోయిందేమో అనుకున్నా. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజు కోపమొచ్చి గట్టిగా అడిగితే తలొంచుకుని, "నీళ్లు తాగితే ఒంటికొస్తదమ్మా, ఆడికి పోవాలంటే నాకు భయమైతది" అన్నది.

ఎనిమిదేళ్ల పిల్ల పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా గుక్కెడు నీళ్లు తాగకుండా, ఒంటికి పోకుండా బిగబట్టుకుని కూర్చుంటోందని నాకు అప్పటిదాకా తెలియదు. పోయిన ఎండాకాలంలో రెండుసార్లు మూత్రంలో మంట అని ఏడిస్తే, వేడి చేసిందిలే అని సబ్జా నీళ్లు తాగించాను. ఆస్పత్రికి తీసుకుపోతే డాక్టరమ్మ మందులు రాసి, "పాప నీళ్లు సరిగా తాగుతుందా? బాత్రూంకి ఆపుకుంటుందా?" అని అడిగింది. లేదు మేడం, ఇంట్లో బాగానే తాగుతుంది అన్నాను. నేను ఇంటి సంగతి చెప్పాను, బడి సంగతి నాకేం తెలుసు.

మర్నాడు ఇంటర్వెల్ టైముకు బడికి పోయాను. రెండు బాత్రూంలు ఉన్నాయి. గోడలకు రంగులు బాగానే వేశారు, ఒకదాని మీద ఆడపిల్ల బొమ్మ, ఇంకోదాని మీద మగపిల్లాడి బొమ్మ. మగపిల్లల దానికి తాళం. లోపల బేసిన్ పగిలి చాలా రోజులైందట, విరిగిన బెంచీలు అందులో పడేశారు. ఆడపిల్లల దానికి తలుపు ఉంది, గడియ లేదు. గడియ ఉండాల్సిన చోట స్క్రూలు ఊడిన బొక్కలు కనిపిస్తున్నాయి. ఒక పిల్ల లోపలికి పోతే ఇంకో పిల్ల బయట తలుపుకు వీపు ఆనించి నిలబడుతుంది, ఆ కాపలా పిల్ల ఎవరైనా పిలిచారని పక్కకు జరిగితే ఇక లోపల ఉన్న పిల్ల పరువు పోయినట్టే. లోపల నల్లా తిప్పి చూశాను. బుస్సుమని గాలి కూడా రాలేదు. బయట నీలం డ్రమ్ములో అడుగున జానెడు నీళ్లు, వాటిలో మునిగిపోయిన మగ్గు. ఒకటో తరగతి పిల్ల ఆ మగ్గు కోసం డ్రమ్ములోకి వంగితే కాళ్లు నేల మీద నుంచి లేచాయి. పరుగెత్తి పట్టుకున్నాను. అందుకే చిన్నపిల్లలు నీళ్లు పోయకుండానే వచ్చేస్తారు, తర్వాత పోయినవాళ్లు ముక్కు మూసుకుని వెనక్కి తిరుగుతారు, ఐదో తరగతి పిల్లలు ప్రహరీ కూలిన వైపు నుంచి సర్కారు తుమ్మల చాటుకు పోతారు. మా అమ్మాయి అటు పోదు. ఆ తుమ్మల్లో పాములుంటాయని పోవద్దని చెప్పింది నేనే.

మా ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. మా పెద్దసారు, టీచరమ్మ ఇద్దరే ఐదు తరగతులూ చూసుకుంటారు, ఆ డ్రమ్ము కూడా పెద్దసారు సొంత డబ్బుతో కొన్నదే. వాళ్లను బజారున పెట్టడం నా ఉద్దేశం కాదు. పాత నల్గొండ జిల్లాలో ఒక ఊరు అనుకోండి చాలు. మీ ఊరే కావచ్చు కూడా.

ఇక ఈ లేఖ ఎంఈవోకో, కలెక్టర్‌కో, మంత్రిగారికో కాకుండా మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఆ నల్లాలో నీళ్లెందుకు రావడం లేదని కనుక్కుంటూ పోతే నేను తేలింది పంచాయతీ ఆఫీసు దగ్గరే. బడి కరెంటు మోటారు కాలిపోయిందని ఒకరన్నారు, పైపు పగిలిందని ఒకరన్నారు. చివరికి మా వాటర్‌మన్ తమ్ముడు సైకిల్ ఆపి అసలు విషయం చెప్పాడు. మా ఊరికి మిషన్ భగీరథ పథకం నీళ్లు ట్యాంకుకెక్కించి పొద్దున ఆరింటికి వదులుతారు, ఏడున్నరకు కట్టేస్తారు. బడి తెరిచేది తొమ్మిదింటికి. బడిలో సంపు లేదు. మిద్దె మీద ట్యాంకు ఉంది కానీ లైన్‌లో వచ్చే నీళ్లకు అంత ఎత్తుకు ఎక్కే జోరు ఉండదు, పైగా బడి ఉన్నది లైన్ చివర, మధ్యలో ఇళ్లవాళ్లు నల్లాలకు మోటార్లు పెట్టి గుంజుకుంటారు. మిగిలిన కాసిని నీళ్లు తాళమేసిన బడిలో వాకిట్లోకి కారిపోతున్నాయని ఎవరో పైపుకు డమ్మీ (నీళ్లు రాకుండా మూసే బిరడా) బిగించారు. "మరి పదింటికి ఓ అరగంట బడి లైన్ వదలొచ్చు కదా తమ్ముడూ" అంటే, "వదలొచ్చక్కా, వాల్వ్ ఆడనే ఉంది. వదలమని నాకెవరూ చెప్పలే" అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఎన్నేళ్లుగానో పిల్లలు నీళ్లు తాగకుండా ఉన్నది ఒక వాల్వ్ తిప్పమని ఎవరూ చెప్పనందుకా?

కట్టలేదని ఎవరూ అనలేరు. చట్టాలకూ కొదవ లేదు. 2009 విద్యాహక్కు చట్టంలోనే ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరువేరు మరుగుదొడ్లు, పిల్లలందరికీ సరిపడా మంచినీళ్లు బడిలో ఉండాలని రాసి ఉంది. 2012 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆరు నెలల గడువు పెట్టి మరీ రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. 2014 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని ప్రకటించాక ఏడాదిలో దేశమంతా లక్షల్లో కట్టారు. మన తెలంగాణలో 2022లో 'మన ఊరు – మన బడి' అని 26 వేల పైచిలుకు బడులకు 7,289 కోట్లతో పని మొదలుపెట్టారు, అందులో చేయాల్సిన 12 పనుల్లో నీటి సౌకర్యం ఉన్న మరుగుదొడ్లు కూడా ఉన్నాయి. కానీ కట్టినంత మాత్రాన సరిపోదని, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ అంతకుముందే 2020లో ఇచ్చిన రిపోర్టు చూస్తే తెలుస్తుంది. ప్రభుత్వ రంగ కంపెనీలు బడుల్లో కట్టించిన మరుగుదొడ్లను 15 రాష్ట్రాల్లో తిరిగి చూస్తే, 72 శాతం వాటిలో లోపలికి నీళ్లు రావడం లేదు, 55 శాతం చోట్ల చేతులు కడుక్కునే ఏర్పాటే లేదు. నీళ్లు లేని మరుగుదొడ్డి ఎన్నాళ్లు బతుకుతుంది చెప్పండి? మొదటి రోజు వాసన, మూడో రోజు ఈగలు, వారం తిరిగేసరికి తాళం. ఆ తాళం పడ్డాక తుప్పు, తుప్పు పట్టాక మళ్లీ కొత్తది కట్టడానికి ఎస్టిమేట్.

ఎస్టిమేట్లు వద్దు. నీళ్లు ఇవ్వండి. నీళ్లు మీ చేతిలో ఉన్నాయి. ట్యాంకు పంచాయతీది, వాల్వ్ పంచాయతీది, వాటర్‌మన్‌కు జీతమిచ్చేది పంచాయతీ, ట్రాక్టరూ ట్యాంకరూ కూడా ఉన్నాయి మీ దగ్గర. డబ్బు సంగతికొస్తే, 2021 నుంచి 2026 వరకు పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చే నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని నిబంధన. ఊళ్లో ఎన్ని మోరీలు కట్టినా కాదనను కానీ, బడి కూడా ఊళ్లోదే కదా. దాదాపు రెండేళ్లు స్పెషల్ ఆఫీసర్ల పాలనలో అడగడానికి మనిషి లేక ఊరుకున్నాం. 2025 డిసెంబర్‌లో లైన్లో నిలబడి ఓట్లేసి మిమ్మల్ని గెలిపించుకున్నాం. మీలో దాదాపు సగం మంది ఆడవాళ్లు. గడియ లేని తలుపు వెనక కూర్చోవడం ఎట్లుంటుందో మీకు నేను వివరించి చెప్పాలా అక్కా?

కడిగే మనిషి సంగతి కూడా చెప్పాలి. 2024లో ప్రభుత్వం బడి శుభ్రానికి నెలకింత అని ఇవ్వడం మొదలుపెట్టింది, 30 మంది లోపు పిల్లలుంటే 3,000, వంద మంది వరకు 6,000, అట్లా పిల్లల్ని బట్టి, బడి పిల్లల తల్లులుండే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ద్వారా. నేనూ ఆ కమిటీలో ఉన్నాను. మంచి పనే. కానీ మూడు వేలకు రోజూ రెండుసార్లు వచ్చి ఊడ్చి, కడిగి, చెట్లకు నీళ్లు పోసిపోయే మనిషి దొరకడం కష్టం. మా బడికి వచ్చే అమ్మకు ఆ మూడు వేలు కూడా నెలనెలా అందలేదు, రెండు మూడు నెలలవి కలిపి వచ్చేవి. చీపురు, ఫినాయిల్ ఆమే తెచ్చుకునేది, చేతికి గ్లౌజులు ఎవరూ ఇవ్వలేదు. నీళ్లు లేకపోతే బోరింగ్ దగ్గర నుంచి బిందెతో మోసి పోసేది. ఎన్నాళ్లు మోస్తుంది? పత్తి ఏరడానికి పోతే ఒక్క వారంలో అంత సంపాదిస్తుంది, అటే పోయింది. తప్పు ఆమెది కాదు.

ఇంకో మాట కూడా ఉంది, ఊళ్లో నలుగురి ముందు అనలేక ఇక్కడ రాస్తున్నా. బడి బాత్రూం కడగడానికి మనిషి కావాలనగానే కమిటీలో అందరి కళ్లూ ఒకే వాడ వైపు పోయాయి. పోయిన నెల ఆ అమ్మ మానేశాక, పిల్లలతోనే కడిగిస్తే పోలేదా అని ఒకాయన అన్నాడు. ఏ పిల్లలతో? మళ్లీ ఆ వాడ పిల్లలతోనేనా? ఆ రోజు మీటింగ్‌లో నేను గొడవ పెట్టుకున్నాను. ఏ పిల్ల చేతికీ ఆ బ్రష్ ఇవ్వొద్దు, బడికొచ్చేది చదువుకోవడానికి. కడిగే మనిషికి మాత్రం మర్యాద ఇవ్వండి, నెల తిరిగేసరికి జీతం ఇవ్వండి, గ్లౌజులు, పొడుగు బ్రష్, బూట్లు పంచాయతీ నుంచి ఇవ్వండి. బడి నిధులు ఆలస్యమైతే ముందు మీరిచ్చి తర్వాత సర్దుకునే దారి ఏదైనా కార్యదర్శిని అడిగి కనుక్కోండి.

తాగే నీళ్ల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మా దిక్కు దీని విలువ వేరే. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా పెద్దవాళ్లు దానికి ఎంతో ఎక్కువున్న బోరు నీళ్లు తాగి పెరిగారు. వంగిన నడుములు, వంకర కాళ్లు, గారపట్టిన పళ్లు మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఊళ్లలో చూడనివాళ్లు లేరు. అందుకే భగీరథ నీళ్లు వచ్చినప్పుడు మేము పండగ చేసుకున్నాం. ఇప్పుడు బడిలో భగీరథ నల్లాకు డమ్మీ బిగించి ఉంటే, పిల్లలు తాగేది, వంటమ్మలు అన్నం వండేది బోరింగ్ నీళ్లతోనే. పాలపళ్లు ఊడి కొత్త పళ్లొచ్చే వయసు వాళ్లది. బాత్రూంకు బోరు నీళ్లు పెట్టండి, ఎవరూ వద్దనరు. తాగడానికి, వంటకు మాత్రం భగీరథ నీళ్లే రావాలి, రెండు లైన్లూ వేరుగా ఉండాలి, నల్లాలకు వేరే రంగు వేసి ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలిసేటట్టు చేయాలి. కేంద్రం పెట్టిన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్లు పరీక్ష చేయడం నేర్పించాలని రాసి ఉంది. ఆ కిట్టు మీ పంచాయతీ బీరువాలో ఉందేమో చూడండి, ఉంటే మొదట బడి నీళ్లకే పెట్టి చూపించండి.

ట్యాంకు కడగడం కూడా అట్లాంటిదే. మా బడి ట్యాంకు మూత గాలికి ఎగిరిపోతే దాని మీద రేకు పెట్టి రాయి పెట్టారు. లోపల ఏం పడిందో ఎవరు చూశారు? నెలకోసారి ట్యాంకు కడిగి, బ్లీచింగ్ కలిపితే సగం రోగాలు రావు. మంచి బ్లీచింగ్ పౌడర్ అయితే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు, ముందు చిన్న బకెట్‌లో కలిపి, అడుగున సున్నం పేరుకున్నాక పైతేట నీళ్లు ట్యాంకులో పోసి కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. ఇది మీ వాటర్‌మన్‌కు తెలిసిన పనే, ఊరి ట్యాంకుకు చేస్తూనే ఉన్నాడు. బడి ట్యాంకు కూడా ఆయన పని అని మీ నోటితో మీరు చెప్పాలి, అంతే.

ఇక చేతులు. మధ్యాహ్నం గంట కొట్టాక పిల్లలు పళ్లేలు పట్టుకుని బోరింగ్ దగ్గరికి ఉరికారు. ఒకడు కొడుతుంటే పదిమంది పళ్లేలు తడుపుకున్నారు, తడి చేతులు లాగులకు, గౌన్లకు తుడుచుకుని పోయి అన్నం దగ్గర కూర్చున్నారు. మట్టిలో ఆడిన చేతులు, ఆ బాత్రూంకు పోయొచ్చిన చేతులు. సబ్బు లేదా అని అడిగితే పెద్దసారు బీరువా తీసి చూపించారు, అట్టపెట్టెలో కొత్త సబ్బులున్నాయి. బయట పెడితే ఒక్క రోజులో మాయమైపోతాయని దాచారు. ఆయన బాధ ఆయనది, కానీ బీరువాలో ఉన్న సబ్బు ఎవరి చేతులు కడుగుతుంది? మా సంఘం ఆడవాళ్లం కలిసి అప్పటికప్పుడు ఒక ఉపాయం చేశాం. ఉల్లిగడ్డలొచ్చే వల సంచి కోసి చిన్న చిన్న మూటల్లాగా కుట్టి, ఒక్కో దాంట్లో ఒక సబ్బు వేసి నవారుతో వేపచెట్టు కొమ్మకు కట్టాం, పిల్లల చేతికందే ఎత్తులో. వారమైంది, ఒక్కటి కూడా పోలేదు. పిల్లలకు అదో ఆట అయింది. వల మీద చేతులు రుద్దితే నురగ వస్తుంది కదా, మోచేతుల దాకా రుద్దుకుంటున్నారు. ఇప్పుడు వాళ్లకు ఆ నురగ కడుక్కోవడానికి నీళ్లు చాలడం లేదు. మళ్లీ అక్కడికే వచ్చాం చూడండి.

ఫిబ్రవరిలో నులిపురుగుల మాత్ర వేశారు బడిలో, ఆగస్టులో మళ్లీ వేస్తారు. ఏఎన్ఎం అమ్మ దగ్గరుండి చప్పరించి మింగిస్తుంది. మాత్ర కడుపులో ఉన్న పురుగుల్ని చంపుతుంది, నిజమే. మర్నాడు అవే తుమ్మల్లో ఉత్తకాళ్లతో నడిచి, అవే చేతులతో అన్నం తింటే పురుగులు మళ్లీ రావా? ఆ పిల్లలకే కోడిగుడ్డు పెడుతున్నాం, రాగిజావ పోస్తున్నాం, ఆ బలమంతా ఎవరికి పోతోంది? అన్నం తిన్నాక కడుపునొప్పని మెలికలు తిరిగే పిల్లల్ని మా బడిలో నేనే ఇద్దర్ని చూశాను.

ఇప్పుడు నేను అడిగేవి చిన్నవి. రేపు పొద్దున వాటర్‌మన్‌ను పిలిచి, బడి నడిచే రోజుల్లో పదింటికి ఒకసారి, మధ్యాహ్నం భోజనానికి ముందు ఒకసారి బడి లైన్ వదలమని చెప్పండి, చెప్పి ఊరుకోకుండా పుస్తకంలో రాయించండి, లేకపోతే మనిషి మారితే మాటా పోతుంది. వచ్చే గ్రామసభలో బడికి సంపు కట్టాలని తీర్మానం పెట్టండి. లైన్‌కు ఆనుకుని చిన్న సంపు, అందులో ఫ్లోట్ వాల్వ్ ఉంటే పొద్దున ఆరింటికి వదిలినా నీళ్లు వాటంతట అవే నిండి ఆగిపోతాయి, తాళం తీసే మనిషి అక్కర్లేదు. దానిమీదో చిన్న మోటారు. సంపుకు గట్టి మూత, దానికి తాళం, పిల్లలు తిరిగే చోటు కాబట్టి ఆ విషయంలో మాత్రం ఎవరి మాటా నమ్మొద్దు, మీరే తొక్కి చూడండి. నల్లాలు ఒకటో తరగతి పిల్లల ఎత్తుకు దించండి. తలుపుకు లోపల గడియ పెట్టించండి. గడియ ఎంతవుతుందని? చందాలేసుకుని మేమే పెట్టించేవాళ్లం, కానీ పంచాయతీ పెట్టిస్తే ఊడినప్పుడు మళ్లీ పెట్టించే బాధ్యత కూడా పంచాయతీది అవుతుందని ఆగాం.

మార్చి సగానికి ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఎండలు ముదిరితే బోరింగ్ కూడా ఎండుతుంది మా ఊళ్లో, అప్పుడు ఆ డ్రమ్ములో జానెడు నీళ్లు కూడా ఉండవు. బడుల్లో నీళ్లు తాగమని గుర్తు చేస్తూ గంట కొట్టే పద్ధతి 2019లో కేరళలో మొదలైంది, వాటర్ బెల్ అంటారు దాన్ని. మా పెద్దసారుకు చెబితే సంతోషంగా కొడతానన్నారు. కొడితే మా అమ్మాయి తాగుతుందా? ఇంట్లో కూర్చోబెట్టి ఎంత చెప్పినా, ముందు బాత్రూంలో నీళ్లు రానీ అమ్మా, తర్వాత తాగుతా అంటోంది. దాని మాటకు నా దగ్గర జవాబు లేదు.

మా సర్పంచ్ అక్కకు ఈ లేఖ చేతికే ఇస్తాను, మిగతావాళ్లు ఇక్కడే చదువుతారని పెడుతున్నా. సోమవారం ఇంటర్వెల్ టైముకు మీ ఊరి బడికి పోయి, గేటు దగ్గర కాదు, ఆ బాత్రూం లోపలికి పోయి నల్లా తిప్పి చూడండి. అదే టైముకు నేను మా బడిలో, ఆ తలుపు దగ్గర, పిల్లలకు కాపలా ఉంటాను. గడియ పెట్టేదాకా మా కమిటీ అమ్మలం వంతులేసుకున్నాం, సోమవారం వంతు నాది.

ఇట్లు,
మూడో తరగతి పిల్ల తల్లి,
పాత నల్గొండ జిల్లా